కింద పెట్టిన కప్పు

కప్పు కింద పెట్టేశాను. పెట్టాక గాని తెలియలేదు ఏం చేశానో. వేడిగా ఉంది, కాస్త చల్లారనిద్దామనుకున్నాను, అంతే. మాంట్రియల్‌లో ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున చేసే పనే అది, కాఫీ పోసుకుని బల్ల మీద పెట్టి కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోవడం, చేయి తన అలవాటు ప్రకారం తను చేసుకుపోయింది. కానీ ఇది మాంట్రియల్ కాదు, జోర్డాన్‌లో సాల్ట్ ఊరు, మా అన్నయ్య ముఫ్లిహ్ ఇంటి ముందుగది. ఎడమ చేత్తో కూజా పట్టుకుని కుడి చేత్తో అన్నయ్య అందించిన కాఫీ, పిడి లేని చిన్న కప్పులో అడుగున రెండు గుక్కలు. ఈ ఊళ్ళో ఆ రెండు గుక్కలూ అందుకున్న చేత్తోనే తాగేసి, ఇక చాలని కప్పు ఊపి తిరిగిచ్చేస్తారు. తాగకుండా ముందు పెట్టుకున్నారంటే ఒకటే అర్థం. నేనొకటి అడగడానికి వచ్చాను, ఇస్తానంటేనే తాగుతాను, కాదంటే లేచి వెళ్ళిపోతాను, మళ్ళీ ఈ గడప తొక్కను. పిల్లనడగడానికి వచ్చే పెద్దమనుషులు అలా పెడతారు. కొట్టుకు చచ్చిన రెండు ఇళ్ళ మధ్య రాజీకి వచ్చినవాళ్ళు అలా పెడతారు. ఆడవాళ్ళు పెట్టగా నా ఏభై ఏడేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు.

అన్నయ్య చేతిలో కూజా అలాగే ఉంది. నేను ఊరికి బయల్దేరుతున్నానని చూసిపోవడానికి ఇరుగుపొరుగు పెద్దవాళ్ళిద్దరు వచ్చి కూర్చున్నారు. ఒకాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి నా కప్పునే చూస్తున్నాడు. రెండో ఆయన అబూ దిరార్, అమ్మాన్ బస్సు నడిపి నడిపి ఊళ్ళో అందరి గుట్టూ అద్దంలో చూసినవాడు, ఆయన ఊరుకుంటాడా.

"ఏమోయ్ అబూ నాయిఫ్, మీ చెల్లెలు కెనడా నుంచి రాయబారం మోసుకొచ్చినట్టుందే. నీ మీసం అడుగుతుందేమో, జాగ్రత్త."

అబూ నాయిఫ్ అంటే నాయిఫ్ తండ్రి, ఊళ్ళో అన్నయ్యని కొడుకు పేరుతో అలాగే పిలుస్తారు. చేతికర్ర ఆయన నవ్వాడు. నేనూ నవ్వేసి, అయ్యో పరధ్యానం, అని కప్పు అందుకుంటే అక్కడితో పోయేది. చేయి కదల్లేదు. అన్నయ్య నా ముఖంలోకి చూశాడు, కప్పు వంక చూశాడు, మళ్ళీ నా ముఖంలోకి చూశాడు. కింది వీధి మసీదు నుంచి పొద్దు వాలే వేళ అసర్ నమాజు పిలుపు వినపడింది.

"వేళైంది," అన్నాడు, కూజా పళ్ళెంలో పెడుతూ. "వచ్చాక విందాం."

ముగ్గురూ మెట్లు దిగుతున్నారు. ఈ ఊరంతా మెట్లే, ఒకరి ఇంటి కప్పు మీద ఇంకొకరి వాకిలి, దిగడం తేలికే గాని ఎక్కడానికే ఆలస్యం, మోకాళ్ళు, ఆయాసం, మధ్యలో అబూ దిరార్ ఆగి ఆగి కనపడ్డవాడినల్లా పలకరించడం. నాకు కొంత సమయం ఉంది. వాళ్ళు వచ్చాక టాక్సీ వస్తుంది, రాత్రికి మస్కట్ విమానం, అక్కడ నా కూతురు లుజైన్ నెలలు నిండి కూర్చుంది. దాని కాన్పు కోసమే ఈ ప్రయాణమంతా. ఏకబిగిన కూర్చుంటే కాళ్ళు వాస్తాయి, ఆగి ఆగి వెళ్ళండి అన్నాడు డాక్టరు. మనవాళ్ళున్న ఊళ్ళలో ఆగడమంటే కాళ్ళకి విశ్రాంతేమో గాని మనసుకి కాదని ఆయనకేం తెలుసు. కాసాబ్లాంకాలో స్నేహితురాలు, ట్యూనిస్‌లో చెల్లెలు, ఇక్కడ అన్నయ్య. ఒక్కో ఊళ్ళో తెచ్చినవి ఇచ్చేస్తుంటే పెట్టె తేలికవాలి కదా, అదేమిటో బరువెక్కుతుంది, ఫలానా వాళ్ళకి ఇది ఇవ్వు, ఫలానా వాళ్ళకి ఇది చెప్పు, చెప్పకు, చెప్పినట్టు తెలియనివ్వకు. అన్నిటికంటే బరువైనది పెట్టెలో లేదు, పది రోజులుగా నా నాలుక కింద ఉంది. మైసూన్. మా చెల్లెలు. ఈ ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు.

పది రోజుల్లో ఎన్నిసార్లు ఎత్తబోయానో. మొదటి రోజు అలసట, రేపు చెబుదాం అనుకున్నాను. రెండో రోజు అన్నయ్య నన్ను వెంటబెట్టుకుని ఆలివ్ చెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు, ఇద్దరమే ఉన్నాం, గాలి బాగుంది, మనిషి కూడా బాగున్నాడు, చిన్నప్పుడు నేను గాడిద మీంచి పడిన చోటు చూపించి నవ్వాడు, ఆ నవ్వు చూశాక నోరు పెగల్లేదు. ఆ గాడిద మీద నా వెనక కూర్చున్నది మైసూనే. ఆయన కథలో మాత్రం నేనొక్కదాన్నే ఉన్నాను. మనిషిని అంత శుభ్రంగా ఎలా తీసేస్తారో, బియ్యంలో రాయి ఏరినట్టు. నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, అవునన్నయ్యా, అప్పుడు మోచెయ్యి కూడా దోక్కుపోయింది, అన్నాను. అలా మింగడం నాకు బాగా వచ్చు. బతూల్ ఊరికే అనలేదు.

బతూల్ మాంట్రియల్‌లో మా పై వాటాలో ఉండేది, మొగుడితో తెగిపోయాక కాసాబ్లాంకాకి తిరిగి వెళ్ళిపోయింది. దానికి నోరే ఆస్తి. ఈసారి దారిలో దాని ఇంట్లో ఆగితే, పుదీనా టీ పైనుంచి ధారగా పోస్తూ, ఒక్క చుక్క బయట పడనివ్వకుండా, నా వంక చూడకుండానే కడిగేసింది. "మీ జోర్డాన్ వాళ్ళతో పెద్ద చిక్కే. కాఫీ కప్పుతో కోర్టు నడుపుతారు. మీ అన్నయ్యా మీ చెల్లెలూ మాట్లాడుకోక ముప్పై ఏళ్ళవుతోంది, మధ్యలో నువ్వు ఇద్దరింట్లో భోంచేసి ఇద్దరికీ బాగుందని చెబుతావు. నువ్వేంటో తెలుసా? దండెం తీగవి. ఈ గోడవాళ్ళు, ఆ గోడవాళ్ళు నీ మీద ఆరేసుకుంటారు. గోడలు మాత్రం ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు." నేను నవ్వాను. సముద్రం మీంచి పొగమంచు వీధిలోకి వచ్చేసింది, ట్రాము గంట వినపడుతోంది గాని ట్రాము కనపడటం లేదు, తినవే అని నెయ్యి రొట్టె ఇంకొకటి నా పళ్ళెంలో పడేసింది. దానికేం, తీగ తెగితే బట్టలు మట్టిపాలవుతాయని దానికి తెలియదు. రెండిళ్ళలోనూ నాకు చోటుంది. తెగితే ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్కటీ ఈ ఇల్లు కాదు.

ఈ గదిలోనే జరిగింది. ఆ మూల కూర్చున్నాను నేను, లోపలి గది తలుపు పక్కన, పెళ్ళయి మాంట్రియల్ వెళ్ళి మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు. అప్పటికి నాన్న లేడు, ఇంటి పెద్ద అన్నయ్యే. వాకిట్లో కార్లు బారులు తీరాయి, ఊళ్ళో మంచి పేరున్న ఇంటివాళ్ళు, మైసూన్‌ని అడగడానికి వచ్చిన పెద్దమనుషులు గది నిండా, గోడల పొడుగునా. అందరి ముందూ కాఫీ, ఎవరూ ముట్టలేదు. వాళ్ళ పెద్దాయన లేచి అడిగాడు. అన్నయ్య లేచాడు. ఎంత గొంతు అది, ఏ ఇంటికి పిల్లనడగడానికి వెళ్ళినా, ఏ తగువు తీర్చాలన్నా, ఆ వయసులోనే ఆయన్ని ముందు పెట్టుకుని నడిచేవారు, ఆయన మాట్లాడితే తలుపులు తెరుచుకుంటాయనేవారు. ఆ గొంతుతో, మా పిల్ల మీ పిల్లే, తాగండి మీ కాఫీ, అన్నాడు. తాగారు అందరూ. అబూ దిరార్ కూడా ఆ గుంపులో ఉన్నాడు, తాగి కప్పు ఊపాడు, గుర్తుంది నాకు. మైసూన్ మాత్రం ఇంట్లో లేదు. అమ్మాన్‌లో టీచర్ల ట్రైనింగు, హాస్టల్లో ఉంది, గురువారం సాయంత్రం బస్సు దిగి వచ్చింది, వచ్చేసరికి పళ్ళేల్లో మిఠాయి. ఎవరికే పెళ్ళి, అని అడిగింది నన్ను.

అంతే, ఆ ఒక్క మాట అడిగింది, ఎవరికే పెళ్ళి. అన్నయ్య చెడ్డవాడు కాదు. అబ్బాయి మంచివాడు, ఇల్లు మంచిది, ఆడపిల్ల సిగ్గుపడుతుంది, మౌనం అర్ధాంగీకారం అనుకున్నాడు, మౌనంగా ఉండటానికైనా అది అక్కడ ఉండాలి కదా అన్న సంగతి ఆయనకి తట్టలేదు. నేను చేసుకోను అంది మైసూన్. తిట్టలేదు, ఏడవలేదు, చేసుకోను అంది. శనివారం తిరిగి హాస్టలుకి వెళ్ళింది, ఆ తర్వాత నెలకి దాంతో చదివిన ట్యునీషియా అమ్మాయి అన్నని, మున్సిఫ్‌ని, అక్కడే కాజీ ముందు చేసుకుని ట్యూనిస్ వెళ్ళిపోయింది. ఇక్కడ అన్నయ్య ఒక్కడే నడుచుకుంటూ ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి, నా మాట పోయింది, క్షమించండి అని చెప్పి వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయన్ని మళ్ళీ ఎవరూ ముందు పెట్టుకోలేదు.

వంటింట్లోంచి వదిన వచ్చింది, తడి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, గుమ్మంలో నిలబడి మెట్ల వైపు ఒకసారి చూసి లోపలికి వచ్చింది.

"ఏం చేశావే తల్లీ? తాగేయ్. నేను చూడలేదు, నువ్వు చెప్పలేదు. వాళ్ళు వచ్చేసరికి కడిగి బోర్లిస్తాను."

"పొరపాటున పెట్టాను వదినా."

"పొరపాటున పెట్టినదానివి తీయొచ్చుగా మరి." నా పక్కన చతికిలబడింది. గొంతు తగ్గించింది. "దాని గురించేనా?"

నేను తల ఊపాను.

"మన నాయిఫ్ పెళ్ళికి కూడా ఆయన ముందు కూర్చోలేదు. సొంత కొడుక్కి పిల్లనడగడానికి వెళ్ళి, వెనక వరసలో, చెప్పుల దగ్గర. పిల్ల తండ్రి వచ్చి చెయ్యి పట్టుకుని పిలిచినా కదల్లేదు. అలాంటి మనిషిని, నలుగురి ముందు... తాగేయ్ ఖౌలా. టాక్సీ ఎక్కి చల్లగా వెళ్ళిపో, మనవడిని ఎత్తుకో. మళ్ళీ ఏడాది రావద్దూ ఈ ఇంటికి?"

రావాలి. అదే కదా నా బాధ. వదిన చెడు చెప్పదు, ఇన్నేళ్ళూ ఆయన మౌనంతో కాపురం చేసింది ఆవిడే. వేలితో కప్పు ముట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది ఇంకా. ఏలకుల వాసన. రెండు గుక్కలే కదా, ఎంతసేపు. వదిన నా చేతి వంకే చూస్తోంది. లోపల ఏదో మాడుతున్న వాసన వచ్చి లేచి పరుగెత్తింది, చేయి తీసేశాను.

మైసూన్ మొగుడు మున్సిఫ్ పోయి రెండేళ్ళయింది. ఈసారి ట్యూనిస్‌లో ఆగినప్పుడు మైసూన్ నాకు చేసి పెట్టింది ఏమిటంటే మన్సఫ్, మా ఊరి వంట, గొర్రె మాంసం పెరుగులో ఉడికించి అన్నం మీద పోయడం. మా ఊళ్ళో ఆ పెరుగు ఎండబెట్టి రాయిలా చేస్తారు, దాన్ని కరిగించి పోస్తే వచ్చే పులుపు వేరు. ట్యూనిస్‌లో అది దొరకదు, మామూలు పెరుగులో నిమ్మరసం పిండి చేసింది. నేను మొదటి ముద్ద పెట్టుకోగానే నా ముఖం చూసింది. "పులుపు రాలేదు కదూ అక్కా?" వచ్చిందే అన్నాను. "నీకు అబద్ధం చెప్పడం ఇప్పటికీ రాదు," అంది, నవ్వింది, జుట్టు సగం నెరిసింది దానికి, మాటలో వాళ్ళ యాస వచ్చేసింది, నవ్వు మాత్రం గాడిద మీద నా నడుం పట్టుకుని కూర్చున్నప్పటిదే. ఎదురుగా దాని కొడుకు ఇయాస్, ఏదైనా ఆలోచిస్తుంటే ఎడమ కనుబొమ్మ లాక్కుంటాడు. అచ్చం అన్నయ్య. మేనల్లుడిలో మూడింట రెండు పాళ్ళు మేనమామే అని మావైపు సామెత. వాడు ఆ మేనమామని ఒక్కసారి చూడలేదు.

వాడు ఉల్ఫా అనే పిల్లని చేసుకుంటానంటున్నాడు. పిల్ల తండ్రి స్ఫాక్స్ అనే ఊరి నుంచి వచ్చిన మనిషి, కలప వ్యాపారి, పద్ధతి అంటే పద్ధతే. మైసూన్ ఒక్కతే కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళి కూర్చుంటే ఆయన మర్యాదగానే కాఫీ ఇచ్చి మర్యాదగానే అన్నాడట, తండ్రి లేడు సరే, తండ్రికి అన్నదమ్ములు లేరు సరే, మేనమామ కూడా లేడా ఈ కుర్రాడికి, ఆకాశం నుంచి ఊడిపడ్డాడా? "ఉన్నాడు అనేశాను అక్కా," అంది మైసూన్. "చచ్చిపోయాడని నా నోటితో ఎలా అంటాను? ఉన్నాడు, సాల్ట్‌లో పెద్దమనిషి, అన్నాను. అయితే ఆయన్నే రమ్మనండి, ఆయన వచ్చి అడిగితే ఇస్తాను, ఈద్ దాకా చూస్తాను అన్నాడు." ఈద్ దాటితే స్ఫాక్స్‌లో వాళ్ళ సొంతవాళ్ళ సంబంధం ఉందట. గిన్నెలు కడుగుతూ, నీళ్ళ చప్పుడులో, వీపు నావైపు పెట్టి అడిగింది, అన్నయ్యతో ఒక్కమాట అంటావా అని. అని, నేను జవాబు చెప్పేలోగా నీళ్ళు ఆపేసింది. "వద్దులే. అడక్కు. నాకెలాగూ ఆ ఇల్లు లేదు, నీకూ పోతుంది."

అడక్కు అన్నదాని కోసమా నేను ఇప్పుడు దిక్కులు చూస్తూ కూర్చున్నది? అడుగు అని ఉంటే అడగకుండా తప్పించుకునేదాన్నేమో. అన్నయ్య ఏ పనిలో మాట పోగొట్టుకున్నాడో, ముప్పై ఏళ్ళుగా ఏ పనికి చెప్పుల దగ్గర కూర్చుంటున్నాడో, సరిగ్గా ఆ పనికే రమ్మనాలి. ఎవరి వల్ల పోయిందో ఆవిడ కొడుకు కోసం. ఆ రోజు కాఫీ తాగిన అబూ దిరార్ ముందు. ఇంతకంటే చెడ్డ అదను వెతికినా దొరకదు. ఫోన్లో అడగొచ్చు, మస్కట్ వెళ్ళాక, మధ్యలో ఎడారంతా ఉంటుంది, కాదంటే లైన్ బాగాలేదు అనొచ్చు. ఫోన్లో అడిగితే ఆయనా అదే అనొచ్చు. ఇక్కడ, ఈ కప్పు ముందు, ఆయనకి అవునో కాదో తప్ప మూడో మాట లేదు. నాకూ లేదు. కాన్పు చేయించడానికి సముద్రాలు దాటి పోతున్నదాన్ని, రేపో మాపో అమ్మమ్మని, అన్నయ్య చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించి భయపడుతున్నాను. మళ్ళీ ముట్టుకున్నాను. చల్లారిపోయింది. కాదంటే లేచి వెళ్ళిపోవాలి, పెట్టె చేత్తో పట్టుకుని, ఆలివ్ చెట్ల కథలో ఇంక నేను కూడా ఉండను, గాడిద ఒక్కటే మిగులుతుంది. ఆ ఆలోచనకి నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో కళ్ళు నిండాయి, సరిగ్గా అప్పుడు మెట్ల మీద చేతికర్ర చప్పుడు.

"ఇంకా అలాగే ఉందే," అన్నాడు అబూ దిరార్, గుమ్మంలోనే కప్పు చూసి. ఈసారి హాస్యం లేదు గొంతులో. కూర్చున్నారు. అన్నయ్య కూర్చోలేదు. నిలబడి, గొంతు సవరించుకున్నాడు, ఎక్కడినుంచి వచ్చిందో ఆ పాత గొంతు, కాస్త తుప్పు పట్టి.

"నా చెల్లెలు సముద్రాలు దాటి వచ్చింది, ఈ రాత్రికి ఎడారి దాటి పోతుంది. మనవడికి నా పేరు పెడతాననో, కాన్పుకి వదినని పంపమనో అడుగుతుంది. ఏదడిగినా ఇచ్చినట్టే. తాగు ఖౌలా నీ కాఫీ."

అంత ప్రేమగా అన్నాడు. తాగేయొచ్చు. సరే, వదినని పంపు, అనేయొచ్చు.

"వినకుండా ఇవ్వకన్నయ్యా," అన్నాను. "విన్నాక చెప్పు."

ఆయన ముఖం మారింది. ఎందుకు మారిందో గదిలో అందరికీ తెలుసు. నేను ఆగితే ఇంక చెప్పలేనని ఆగకుండా చెప్పాను. "మైసూన్ కొడుకు ఇయాస్‌కి పిల్లనడగాలి. తండ్రి పోయాడు. మేనమామ వచ్చి అడిగితే ఇస్తానన్నాడు పిల్ల తండ్రి. నువ్వు ట్యూనిస్ వెళ్ళాలి. ముందు నువ్వు నడవాలి, నువ్వు మాట్లాడాలి."

లోపల వంటింట్లో చప్పుళ్ళు ఆగాయి. చేతికర్ర ఆయన నేల చూస్తున్నాడు. అన్నయ్య మెల్లిగా కూర్చున్నాడు, ఎడమ కనుబొమ్మ లాక్కుంటూ. కింద వీధిలో కారు హారన్ మోగింది, నా టాక్సీయే అయి ఉంటుంది, ఎవరం లేవలేదు. నేను పెట్టె ఎక్కడుందో చూసుకున్నాను, గుమ్మం పక్కనే ఉంది.

"ఆ పిల్లని అడిగారా?" అన్నాడు అన్నయ్య.

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏ పిల్లని?"

"ఆ పిల్లనే. చేసుకోబోయేదాన్ని. దానికిష్టమో కాదో ఎవరైనా అడిగారా, లేక మీలో మీరే అనుకున్నారా?" కూజా ఉన్న పళ్ళెం పక్కకి జరిపాడు. "తెలియకుండా నేను ఏ ఇంట్లోనూ నోరు తెరవను."

"అడిగారన్నయ్యా. మైసూన్ అడిగింది. పిల్లని ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టుకుని, కొడుకుని బయటికి పంపి, రెండుసార్లు అడిగింది. నీకిష్టం లేకపోతే నాతో చెప్పు, తప్పు నా మీద వేసుకుని నేనే వద్దంటాను అందిట."

అన్నయ్య తల ఊపాడు. నా వంక చూడలేదు, అబూ దిరార్ వంకా చూడలేదు.

"అడుగుతుంది," అన్నాడు. "మైసూన్ అడుగుతుంది. దానికి తెలుసు." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "తాగు ఖౌలా."